మెరక పత్తికి, పల్లం గడ్డికి: పెదనందిపాడు వైపు ఒక చేలో రెండేళ్ల ప్రయత్నం

నేను పశువైద్యురాలిని. గుంటూరులో ఉంటూ పెదనందిపాడు, కాకుమాను, ప్రత్తిపాడు మండలాల్లో తిరుగుతాను. వ్యవసాయం నేను చదువుకున్న చదువు కాదు. అయినా ఇక్కడ ఒక చేను కథ రాస్తున్నాను. జబ్బు గేదెల్లో కనిపించింది కానీ, దాని కారణం చేలో ఉంది.

2023 ఏప్రిల్‌లో పెదనందిపాడు దగ్గర ఒక ఇంటికి పిలిచారు. నాలుగు పాడి గేదెలు, ముర్రా సంకరం. రెండు ఈని ఎనిమిది నెలలైనా ఎదకు రాలేదు. మూడోది మూడుసార్లు చూడి సూది (కృత్రిమ గర్భధారణ) వేయించినా చూడి కట్టలేదు. ఇంటాయనకు అరవై దాటాయి. బాబాయ్ అని పిలుస్తాను. ఆయన భార్యను పిన్ని అంటాను. "డాక్టరమ్మా, ఎదకు రావడానికి ఏదో ఇంజెక్షన్ ఉందంటగా, అది వేసి వెళ్లండి" అన్నారు బాబాయ్.

ఇంజెక్షన్ ఉంది. కానీ నేను ముందు గడ్డివాము చూశాను, తర్వాత తొట్టి చూశాను.

గేదెలు ఏం తింటున్నాయి

వరిగడ్డి, తవుడు, పత్తిగింజల చెక్క. అంతే. వానాకాలంలో గట్ల మీద దొరికిన పచ్చిక, మిగతా ఏడాదంతా ఎండుమేత. వరిగడ్డిలో మాంసకృత్తులు నూటికి మూడు, నాలుగు పాళ్లు మాత్రమే ఉంటాయి. విటమిన్ ఏ తయారయ్యే కెరోటిన్ దాదాపు ఉండదు. నెలల తరబడి పచ్చిమేత లేని గేదె పాలివ్వడానికే ఒంట్లోది ఖర్చు పెడుతుంది, ఇక ఎదకు ఎలా వస్తుంది? మేత మార్చకుండా ఎన్ని ఇంజెక్షన్లు వేసినా డబ్బు దండగ అని చెప్పాను. మినరల్ మిక్చర్ రాసిచ్చి, పచ్చిగడ్డి వేసుకోమన్నాను.

పిన్ని వెంటనే అడిగింది: "ఎక్కడెయ్యమంటావమ్మా? ఉన్న నాలుగెకరాలూ పత్తేగా."

ఆ మాటతో నేను మొదటిసారి చేలోకి వెళ్లాను. నల్లరేగడి. తూర్పున మెరక, పడమట పల్లం, పల్లం చివర ఒక మురుగు కాలవ. ఏప్రిల్ కాబట్టి చేనంతా నెర్రెలు విచ్చి ఉంది. పల్లంలో నెర్రెలు ఇంకా వెడల్పు, నా చెయ్యి మోచేతి దాకా దిగింది. మాటల్లో బాబాయ్ అన్నారు: "ఈ పడమటి ముక్క ఎప్పుడూ ఇంతే. వానొస్తే మడుగు, వాన పోతే బండ." ప్రతి ఏడాదీ మొత్తం చేనుకు ఒకే విత్తనం, ఒకే ఎరువు, ఒకే మందు. దిగుబడి లెక్క కూడా నాలుగెకరాలకూ కలిపే. పల్లం ఎంత ఇస్తోందో ఇన్నేళ్లలో ఎవరూ విడిగా చూడలేదు.

ఇలాంటి చేలు మా వైపు చాలా ఉన్నాయి. ఎకరాకు సగటు ఎంత అని అడిగితే రైతు టక్కున చెబుతాడు. అందులో ఏ మూల ఎంత అని అడిగితే, ఆ మూల బాగోదు అంటాడు కానీ ఎంత బాగోదో చెప్పలేడు. ఆ ఎంత అన్నది తేలనిదే గడ్డి వేయమని చెప్పే హక్కు నాకు లేదనిపించింది. పత్తి అంటే వాళ్లకు అప్పు తీర్చే పంట. ఒక డాక్టరమ్మ మాట మీద దాన్ని తీసేస్తారా?

ముందు పత్తిని తూకం వేశాం

2023 ఖరీఫ్‌లో చేసిన పని ఒకటే. విత్తే ముందు చేనును మెరక నుంచి పల్లానికి అడ్డంగా యాభై సెంట్ల చొప్పున ఎనిమిది పట్టెలు చేశాం. గట్లు కట్టలేదు, హద్దుల్లో వేపకొమ్మలు పాతాం. సాగు మామూలుగానే జరిగింది. పత్తి తీసేటప్పుడు మాత్రం ఏ పట్టె పత్తి ఆ పట్టె గోతంలోనే వేయాలని చెప్పి, ప్రతి తీతకూ విడివిడిగా తూచాం. తీతకొచ్చే ఆడవాళ్లకు ఎటూ కిలోల లెక్కన కూలి కాబట్టి తూకం రోజూ జరిగేదే. అదనంగా పట్టింది ఒక నోటు పుస్తకం, ఇంటర్ చదివే మనవరాలి ఓపిక.

మెరకనున్న అయిదు పట్టెల్లో ఒక్కోదానికి సుమారు నాలుగు క్వింటాళ్లు వచ్చాయి. ఆరో పట్టెలో రెండు క్వింటాళ్ల డెబ్బై కిలోలు. ఏడోదాంట్లో క్వింటాన్నర. ఎనిమిదోదాంట్లో ఎనభై కిలోలు.

ఈ లెక్కను నేను పూర్తిగా నమ్మలేదు. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మాకు అది పక్కనే. రెండో తీత పత్తి చేలోనే తడిసింది, పల్లంలో ఎక్కువగా పోయింది. ఆ ఒక్క ఏడాది చూసి పల్లానికి తీర్పు చెప్పడం న్యాయం కాదు. అందుకే తుపానుకు ముందు జరిగిన మొదటి తీతను విడిగా చూశాం. అక్కడా అదే వరస: మెరకలో ఎక్కువ, ఆరు నుంచి కిందికి మెట్లు దిగినట్టు తక్కువ. తుపాను తేడాను పెంచింది, అంతకుముందే ఉన్న తేడాను.

బాబాయ్ కాగితం తీసుకుని ఏడు, ఎనిమిది పట్టెలకు విత్తనం, దుక్కి, ఎరువు, మందులు, తీత కూలి కూడారు. వచ్చిన పత్తి ధర పక్కన రాశారు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అయితే మెరక సంపాదించింది పల్లం తినేస్తోందమ్మా ఇన్నాళ్లూ" అన్నారు. నేను పది ఉపన్యాసాలిచ్చినా ఆయన నోట ఆ మాట రాదు.

కారణం కూడా చూడాలి కదా. పల్లంలో, మెరకలో మట్టి తీసి పరీక్షకు పంపాం. రెండు చోట్లా పీహెచ్ (నేల పులుపు, క్షారం చెప్పే కొలత) ఎనిమిది దాటింది, అది మా రేగడికి మామూలే. ఉప్పు శాతం పల్లంలో కొంచెం ఎక్కువే కానీ పంటను చంపేంత కాదు. ఆగస్టులో రెండడుగుల లోతు గొయ్యి తవ్వితే అసలు సంగతి తెలిసింది. అడుగు దిగగానే మట్టిలో బూడిదరంగు, తుప్పురంగు మచ్చలు. నీళ్లు నిలిచి, గాలి ఆడని నేలలో వచ్చే మచ్చలవి. వాన వెలిసిన రెండు మూడు రోజులకు పల్లంలో పత్తి మొక్కలు ఉన్నట్టుండి వాలిపోవడం బాబాయ్‌కి ఏటా అనుభవమే. వ్యవసాయ శాఖ వాళ్లు దాన్ని పారా విల్ట్ అంటారు. అది తెగులు కాదు. వేరుకు ఊపిరాడక వచ్చేది. ఆయన మాత్రం ఏటా దానికి మందు కొట్టిస్తున్నారు.

నీళ్లు నిలిస్తే వరి వేయొచ్చు కదా అని నేనూ అడిగాను. అక్కడ నీళ్లు వారం నిలుస్తాయి, నెల నిలవవు. కాలవ నీటి మీద భరోసా లేదు. ఆయన తండ్రి కాలంలో రెండేళ్లు వేసి మానేశారట. మురుగు తీసేద్దామన్నా, కాలవ మట్టం చేను మట్టానికి సమానంగా ఉంది, మన నీళ్లు దాంట్లోకి పోవు, దాని నీళ్లే మన మీదికొస్తాయి. అంటే వారం తడిసినా, రెండు నెలలు ఎండినా చావని వేరు కావాలి. ఏటా విత్తనం నుంచి మొదలయ్యే పంటకు ఆ వేరు ఉండదు. ఒకసారి నాటితే ఏళ్లతరబడి ఉండే గడ్డికి ఉండొచ్చు. ఉండొచ్చు అన్నానే కానీ, ఉంటుందని అప్పటికి నాకు నమ్మకం లేదు.

చీటీలు తీసి మడులు పంచాం

2024 వేసవిలో అడుగునున్న ఎకరం ఇరవై సెంట్లు ప్రయోగానికి అడిగాను. ఆరో పట్టెలో ఇరవై సెంట్లు, ఏడు, ఎనిమిది. దాన్ని వాలుకు అడ్డంగా మూడు వరసలు చేశాం: పై వరస, నడి వరస, అడుగు వరస. ఒక్కో వరసలో పదమూడేసి సెంట్ల మడులు మూడు. ప్రతి వరసలోనూ అన్ని రకాలూ ఉండాలి, ఏ మడిలో ఏది అన్నది మనం ఎంచుకోకూడదు. ఎంచుకుంటే తెలియకుండానే మనకు నచ్చినదానికి మంచి మడి ఇస్తాం. మనవరాలు చీటీలు రాసి తీసింది.

నేను ముందు అనుకున్న రకాలు నాలుగు: పత్తి, చెరకులా ఎత్తుగా పెరిగే హైబ్రిడ్ నేపియర్‌తో దశరథ గడ్డి (పేరుకే గడ్డి, నిజానికి పప్పుజాతి మేత మొక్క), పారా గడ్డి (తడి నేలలో పాకే తీగ గడ్డి), పలుసార్లు కోతకొచ్చే పశుగ్రాసపు జొన్న. జొన్న అనగానే పిన్ని ఒప్పుకోలేదు. వాళ్ల పుట్టింట్లో రెండు ఎడ్లు నాము (కోసిన జొన్న మోళ్ల మీద వచ్చే పిలకలు) తిని ఒక్క పూటలో చచ్చిపోయాయి. చిన్నప్పుడు కళ్లారా చూసింది. బెట్టకొచ్చిన లేత జొన్నలో, కోసిన తర్వాత వచ్చే పిలకల్లో విషం ఉంటుంది, పూతకొచ్చాక కోస్తే భయం లేదు అని నేను చెప్పగలను. కానీ రోజూ మేత కోసి వేసేది పిన్ని. భయపడుతూ కోసే మేత ఆ ఇంట్లో నిలవదు. పైగా జొన్న ఏళ్లతరబడి ఉండే గడ్డీ కాదు. తీసేశాం. ఇప్పుడు ఆలోచిస్తే ఆ మార్పే సరైనది. మూడే రకాలవడంతో మడులు పెద్దవయ్యాయి, తూకం తేలికైంది.

నేపియర్ ముచ్చెలు (నాటే కాడ ముక్కలు) తెలిసిన రైతు చేలోంచి తెచ్చాం, రెండు కణుపులవి. అది విత్తనం కట్టని సంకరం కాబట్టి ముచ్చెలో, వేరు పిలకలో నాటుకోవాల్సిందే. రెండడుగుల ఎడంలో బోదెలు, మూడు వరసల నేపియర్‌కు ఒక వరస దశరథ గడ్డి. దశరథ గడ్డి గింజ పెంకు గట్టిది. కాగి దించిన నీళ్లలో నాలుగయిదు నిమిషాలు ఉంచి, తీసి, ఆరబెట్టి చల్లాలి. ఈ పని పిన్నే చేసింది, కాఫీకి నీళ్లు పెట్టినంత సులువుగా. నేపియర్‌లో మాంసకృత్తులు నూటికి ఎనిమిది నుంచి పది. దశరథ గడ్డిలో ఇరవై దాకా. రెండూ కలిస్తే చెక్క తగ్గించుకోవచ్చన్నది నా ఆలోచన. పారా గడ్డి తీగలు మురుగు కాలవ గట్టునే ఉన్నాయి, కోసి తడిమట్టిలో తొక్కించాం.

నాటింది జూలై రెండో వారంలో. దారిన పోయేవాళ్లు ఆగి అడిగారు, "పత్తి చేలో గడ్డి నాటుతున్నారా?" అని. మా ప్రాంతంలో గడ్డి పీకే వస్తువు, నాటే వస్తువు కాదు. బాబాయ్ ఆ వారం ఊళ్లో టీ కొట్టు దగ్గరికి పోలేదని పిన్ని చెప్పింది. ప్రయోగం చేసే రైతు మోసేది డబ్బు భారం ఒక్కటే కాదని నాకు అప్పుడు అర్థమైంది.

నాటిన యాభై రోజులకు, ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో కురిసిన వాన తెలుగువాళ్లెవరూ మర్చిపోరు. విజయవాడలో బుడమేరు ఇళ్లమీదికొచ్చిన రోజులవి. మా చేలో మురుగు కాలవ వెనక్కి తన్నింది. అడుగు వరసలో నీళ్లు తొమ్మిది రోజులు నిలిచాయి. నడి వరసలో నాలుగు రోజులు. పై వరసలో ఒక్క రోజు.

నీళ్లు తీశాక వెళ్లి చూశాను. అడుగు వరసలో నేపియర్ సగానికి పైగా కుళ్లింది, దశరథ గడ్డి మొత్తం పోయింది. పత్తి నిలబడే ఉంది కానీ ఆకు ఎర్రబడి, పూత రాలింది. పారా గడ్డి మాత్రం నీళ్లమీద తేలుతూ, కణుపు కణుపుకూ తెల్లటి కొత్త వేళ్లు వేసుకుని, ముందుకంటే పచ్చగా ఉంది. నేపియర్ మీదే నాకు ఎక్కువ ఆశ. దేశమంతా దాని పేరే చెబుతారు. మా అడుగు వరస వేరే సమాధానం చెప్పింది.

ఫ్రేము, కాటా, ఎండ

తూకం పద్ధతి ఎవరైనా చేసుకోగలిగేదే. ఒక మీటరు పొడవు, ఒక మీటరు వెడల్పుతో పైపు ముక్కలతో చట్రం చేశాం. కోతకు ముందు ప్రతి మడిలో మూడు చోట్ల చూడకుండా విసిరి, చట్రంలో పడిన గడ్డిని కోసి వేలాడే కాటాతో తూచాం. చట్రంలో కిలో గడ్డి ఉంటే ఎకరాకు నాలుగు టన్నులని గుర్తుపెట్టుకుంటే చాలు. అయితే పచ్చి బరువు మోసం చేస్తుంది. ఒక కిలో గడ్డిని బరువు ఇక తగ్గనంత వరకు ఎండబెడితే మిగిలింది రెండు వందల గ్రాములకు అటూ ఇటూ. మిగతాదంతా నీళ్లే. వానాకాలపు గడ్డిలో ఇంకా తక్కువ మిగిలింది. టన్నులు చెప్పి గొప్పలు పోయేవాళ్లను ఎండబెట్టి తూచారా అని అడగాలి.

2024 అక్టోబరు నుంచి ఏడాదిలో నేపియర్ పై వరసలో, నడి వరసలో ఆరు కోతలు వచ్చింది, చట్రానికి సగటున నాలుగు కిలోలు. మెరకన బోరు ఉంది కాబట్టి వేసవిలో నెలకు రెండు తడులిచ్చాం, అది లేకపోతే కోతలు తగ్గేవి. పారా గడ్డి ఏడు కోతలు, సగటున రెండున్నర కిలోలు, అడుగు వరసలో కొంచెం ఎక్కువ. ఏప్రిల్, మే నెలల్లో పారా గడ్డి దాదాపు ఆగిపోయింది కానీ చావలేదు. జూన్ మొదటి వానకు మళ్లీ లేచింది.

పత్తి మడుల్లో పై వరసది ఎనభై అయిదు కిలోలు, నడి వరసది ముప్పై అయిదు, అడుగుది పన్నెండు.

ఈ మూడు అంకెల్లో మొదటిదే నా అంచనా తప్పని చూపించింది. ఎకరం ఇరవై సెంట్లూ గడ్డికే పోవాలని నేను మనసులో రాసేసుకున్నాను. కానీ పై వరసలో పత్తి ఆ వరదల ఏట కూడా ఎకరాకు ఆరున్నర క్వింటాళ్ల లెక్కన వచ్చింది. అది చెడ్డ నేల కాదు. పక్కన పల్లం ఉండబట్టి చెడ్డపేరు తెచ్చుకున్న నేల. పత్తి మడి పెట్టకుండా అంతా గడ్డి నాటేసి ఉంటే ఆ నలభై సెంట్లు పోగొట్టుకునేవాళ్లం, పోగొట్టుకున్నామని తెలిసేది కూడా కాదు.

రెండో లెక్క గేదెల వైపు నుంచి. పాడి గేదెకు రోజుకు పాతిక నుంచి ముప్పై కిలోల పచ్చిమేత వేస్తే, వరిగడ్డి కొంచెం పక్కన పెట్టుకుని, సరిపోతుంది. నాలుగింటికి ఏడాదికి నలభై టన్నులు. ప్రయోగపు మడుల నుంచే యాభై టన్నులు దాటింది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా గడ్డి మిగిలి ముదిరిపోయింది, ముదిరిన నేపియర్ కాడలు గేదెలు తొట్లో వదిలేశాయి. ఎంత నేల గడ్డికివ్వాలో చెప్పాల్సింది చావిట్లో ఉన్న పశువుల సంఖ్య. ఈ లెక్క నేను మొదట వేయాల్సింది, చివర వేశాను.

జలగ

2025 ఫిబ్రవరిలో పిన్ని ఫోన్ చేసింది. ఒక గేదె చిక్కిపోతోంది, పేడ పలచగా పడుతోంది, పాలు తగ్గాయి. వెళ్లి చూస్తే దవడ కింద మెత్తగా నీరు దిగి ఉంది. కంటి రెప్ప తిప్పి చూస్తే పాలిపోయింది. చూడగానే తెలిసింది. పేడ నమూనాలో కార్జపు జలగ (కార్జంలో బతికే చదును పురుగు) గుడ్లు కనిపించాయి. మిగతా మూడింట్లో ఒకదానికి కూడా ఉన్నాయి.

ఇది పశువైద్యురాలిగా నేను ముందే ఊహించాల్సిన విషయం. జలగ పిల్లలు నీటి నత్తలో పెరుగుతాయి, బయటికొచ్చి నీటి అంచున ఉన్న గడ్డి కాడలకు అంటుకుని కూర్చుంటాయి. ఆ గడ్డి తిన్న గేదె కార్జంలోకి చేరి, సుమారు మూడు, నాలుగు నెలలకు గుడ్లు పెట్టడం మొదలుపెడతాయి. మా మొదటి పారా గడ్డి కోత అక్టోబరు చివర్లో. లెక్క సరిగ్గా సరిపోయింది. నేల, నీరు, దిగుబడి అన్నీ చూసి, గడ్డి మీద ఏం కూర్చుందో చూడలేదు. పిన్నికి ఆ రోజే ఈ మాట చెప్పి క్షమించమన్నాను. ఆమె గేదె మెడ నిమురుతూ, "తెలిసింది కదమ్మా, ఇంక చూసుకుందాం" అంది.

నాలుగింటికీ ఆక్సిక్లోజనైడ్ అనే జలగ మందు తాగించాం. సీసా మీద రాసిన గడువు దాకా ఆ పాలు కేంద్రానికి పోయలేదు. ఆ నష్టం కూడా గడ్డి ఖర్చులోనే రాశాం. తర్వాత కోత పద్ధతి మార్చాం. నీళ్లు నిలిచి ఉండగా అడుగు వరసలో కొడవలి పెట్టకూడదు. నీళ్లు తీశాక కూడా నేలకు జానెడు పైన కోయాలి, జలగ పిల్లలు ఎక్కువగా ఉండేది కింది తడి కాడల్లోనే. వానాకాలంలో కోసిన పారా గడ్డిని గేదెలకు పచ్చిగా వేయకుండా, గట్టు మీద పరిచి బాగా ఎండబెట్టి వేసవికి దాచాలి. సగం ఎండితే జలగ చావదు, గలగలలాడేంత ఎండాలి. ఏటా వానలు తగ్గాక ఒకసారి, వేసవి ముందు ఒకసారి పేడ పరీక్ష.

నత్తల సంగతి బాబాయ్ చూసుకున్నారు. వరికోతల తర్వాత డెల్టా పొలాల్లో బాతుల మందలు తిప్పేవాళ్లు మా వైపు వస్తుంటారు. వాళ్లను అడిగి, కోత అయిన మడిలోకి రెండు రోజులు బాతులను దించారు. మళ్లీ చేసిన పేడ పరీక్షల్లో గుడ్లు లేవు. మందు వల్లా, బాతుల వల్లా, కోత ఎత్తు వల్లా అన్నది విడదీసి చెప్పలేను, మూడూ ఒకేసారి చేశాం కాబట్టి. కానీ పల్లంలో పారా గడ్డి వేయమని ఎవరికైనా చెప్పేటప్పుడు ఈ ముక్క చెప్పకుండా నేను ఇకమీదట చెప్పను.

కోత ఎవరి పని

మొదటి ఏడాది లెక్కలు బాబాయ్ పుస్తకంలో చాలా బాగున్నాయి. చెక్క, తవుడు తగ్గాయి, పల్లానికి కొట్టే మందుల ఖర్చు పోయింది. పిన్ని గంటలు మాత్రం ఆ పుస్తకంలో లేవు.

నేనే అడిగి రాసుకున్నాను. రోజుకు వంద కిలోలకు పైగా గడ్డి కోయడం, మోపులు కట్టడం, డొంక దాకా మోయడం, గడ్డిని ముక్కలు చేసే చాఫ్ కట్టర్‌లో పెట్టడం: మొదట్లో పూటకు రెండున్నర గంటలు. అంతకుముందు వరిగడ్డి లాగి వేయడానికి అరగంట పట్టేది. మోకాళ్ల నొప్పి ఉన్న మనిషి. పత్తి తీతకు కూలి ఇచ్చిన ఇల్లు, గడ్డి కోతకు ఇవ్వలేదు. ఆమె గంటలకు ఆ ఊళ్లో ఆడకూలి రేటు కట్టి చూపిస్తే మిగులు సగానికి పైగా కరిగిపోయింది. బాబాయ్ ఆ కాగితాన్ని కూడా మొదటి కాగితం చూసినంతసేపు చూశారు.

తర్వాత కొన్ని మార్పులు చేశాం. నేపియర్‌ను డొంక పక్క మడుల్లోనే ఉంచుకోవాలని తేల్చాం. మడిని నలభై అయిదు వరసలుగా గుర్తు పెట్టుకుని రోజుకొక వరస కోస్తే, చివరి వరస కోసే సరికి మొదటిది కోతకొస్తుంది, ఎక్కడా ముదరదు. తోపుడు బండి కొన్నారు. పొద్దున కోత బాబాయ్ తీసుకున్నారు. చాఫ్ కట్టర్ పని పిన్ని చేస్తుంది. ఇప్పుడు ఇద్దరిదీ కలిపి గంటా పావు. పాల కేంద్రం డబ్బు కూడా ఇప్పుడు పిన్ని ఖాతాలోనే పడుతోంది. అది ఆమె అడిగింది, నేను చెప్పింది కాదు.

గేదెలు

ఎదకు రాని రెండింట్లో ఒకటి 2024 డిసెంబరులో, రెండోది 2025 జనవరిలో ఎదకు వచ్చి చూడి కట్టాయి. గడ్డి వల్లేనని రాయడానికి నాకు మనసు ఒప్పదు. మన గేదెలు ఎక్కువగా చలికాలంలోనే ఎదకు వస్తాయి, మినరల్ మిక్చర్ కూడా అప్పటికి ఏడాదికి పైగా వేస్తున్నాం. నేను నమ్మకంగా చెప్పగలిగింది ఇంతవరకే: ఒక్కో గేదెకు రోజుకు కిలో చెక్క తగ్గించినా పాలు తగ్గలేదు, వెన్న శాతం తగ్గలేదు, దూడల వెంట్రుక నునుపుగా ఉంది. నేపియర్ ఒక్కటే ఎక్కువగా వేస్తే అందులోని ఆక్సలేటు కాల్షియాన్ని పట్టేస్తుంది. అందుకే మినరల్ మిక్చర్ ఆపలేదు, వరిగడ్డి పూర్తిగా మానలేదు.

నేల గురించి అడిగేవాళ్లుంటారు. సేంద్రియ కర్బనం పరీక్ష మళ్లీ చేయించలేదు, ఒకటి రెండేళ్లలో నమ్మదగిన తేడా కనపడదు. 2025 మే నెలలో మాత్రం స్కేలు పెట్టి నెర్రెలు కొలిచాం. అడుగు వరస పత్తి మడిలో నాలుగు వేళ్లు పట్టే నెర్రెలుంటే, పక్కనే పారా గడ్డి మడిలో వేలు దూరడం కష్టమైంది.

ఇది ఎవరికి పనికిరాదు

కౌలు రైతుకు పనికిరాదు. మా వైపు కౌలు నోటిమాట మీద ఏడాదికొకసారి నడుస్తుంది. ముచ్చె నాటి మొదటి కోత తీసేసరికే రెండున్నర నెలలు, పెట్టుబడి తిరిగిరావడానికి రెండో ఏడు కావాలి. పైగా మెరకకు, పల్లానికి కౌలు ఒకటే. పల్లంలో నష్టపోయేది ఎక్కువగా వాళ్లే. ఈ పద్ధతి వాళ్లకు అందాలంటే భూమి యజమాని మూడేళ్లకు మాట ఇవ్వాలి. నాకు తెలిసిన ఒకాయన ఇచ్చాడు, అది ఈ ఏడే మొదలైంది.

పత్తి పక్కన గడ్డి పెంచేవాళ్లు మందుల విషయంలో గట్టిగా ఉండాలి. పత్తికి కొట్టే మందు గాలికి గడ్డి మీద పడుతుంది. హద్దులో రెండు వరసలు మేతకు కోయకుండా వదిలేశాం. పిచికారీ చేసిన రోజు బాబాయ్ నోటు పుస్తకంలో తేదీ రాస్తారు, ఆ వైపు మడి రెండు వారాలు కోయరు. ఇక పారా గడ్డి ఒకచోట ఉండే గడ్డి కాదు, తీగలు పాకుతాయి. పక్క చేలోకి, కాలవలోకి పోకుండా ప్రతి కోతకూ అంచు చెక్కాలి. పక్కన వరి ఉంటే అసలు వేయొద్దని చెబుతాను.

ఇప్పుడు

2025 ఖరీఫ్ నుంచి పై వరస నలభై సెంట్లు తిరిగి పత్తికి వెళ్లింది. నడి వరసలో ముప్పై సెంట్లు నేపియర్, పది సెంట్లు విడిగా దశరథ గడ్డి. అడుగు వరస మొత్తం పారా గడ్డి. అమ్మేద్దామనుకున్న పెయ్య దూడలు రెండింటిని ఉంచుకున్నారు, మిగులు గడ్డి వాటికి. అక్టోబరు 28న మొంథా తుపాను వచ్చినప్పుడు అడుగు వరసలో మళ్లీ నీళ్లు నిలిచాయి. ఈసారి ఆ ముక్క గురించి ఎవరూ ఫోన్ చేయలేదు. నీళ్లు తీసేదాకా కొడవలి పెట్టలేదు, దాచిన ఎండు పారా గడ్డి విప్పారు.

దశరథ గడ్డి పది సెంట్లలో మొలక పలచగా వచ్చింది. గింజ నీళ్లలో ఎక్కువసేపు ఉందా, బోదె తడి సరిపోలేదా అన్నది తేలలేదు. జూన్‌లో మళ్లీ వేయాలి. ఈసారి నాలుగు బోదెలకు నాలుగు నిమిషాలు, నాలుగు బోదెలకు రెండు నిమిషాలు, నాలుగింటికి అసలు వేడినీళ్లు లేకుండా వేద్దామని మనవరాలు అంటోంది. చీటీలు అప్పుడే రాసి డబ్బాలో పెట్టింది.